ఆవంలో చిన్నాయన

ఆ వేసవికి ఊరికి వచ్చేటప్పుడు ప్రసూన సంచిలో నాలుగు జతల బట్టలు, మట్టిపని సామాను తెచ్చుకుంది కానీ తలలో మాత్రం ఏమీ తెచ్చుకోలేదు. ఆమెది శిల్పం కోర్సు, ఆఖరి సంవత్సరం. సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజే, కాల్చిన మట్టితో చేసిన మనిషి బొమ్మ ఒకటి పరీక్షకుల ముందు పెట్టాలి. బొమ్మ నచ్చితే డిగ్రీ వస్తుంది. నచ్చకపోతే ఇంకో ఏడాది చదవాలి. ఇంకో ఏడాది అన్న మాట ఇంట్లో ఎత్తవద్దని నాయన ముందే చెప్పేశాడు.

అంతవరకూ ఆమె చేసినవన్నీ రైతులే. నెర్రెలిచ్చిన నేల మీద కూర్చున్న రైతు, ఆకాశం వైపు చూస్తున్న రైతు, తల పట్టుకున్న రైతు. అనంతపురం పిల్ల అనగానే క్లాసులో అందరూ ఆమె దగ్గర కరువే అడిగారు, ఆమె కూడా అడిగినవాళ్లకు అడిగినంత వడ్డించింది. తల పట్టుకున్న రైతు దగ్గరికి వచ్చేసరికి ఇంద్రాణి మేడంకు ఓపిక పోయింది. మట్టి విభాగానికి పెద్ద ఆమే. నోరు చెడ్డది, కన్ను మంచిది. మీ జిల్లాలో మనుషులు ఆకాశం చూడటం తప్ప ఇంకేమీ చెయ్యరా, పేకాట ఆడరా, అత్తతో పోట్లాడరా అని అందరి ముందూ అడిగింది. ఈసారి ఒకే ఒక్క మనిషిని చెయ్యి, ఆ మనిషి పేరేమిటని నేను అడిగితే నువ్వు తడుముకోకుండా చెప్పాలి అంది. ప్రసూనకు ఒళ్లు మండిపోయింది. ఆమె అన్నది నిజమేనని తెలియడం వల్ల ఇంకా ఎక్కువ మండింది.

వాళ్ల ఊరు పామిడి దగ్గర, పెన్నకు అవతలి ఒడ్డున ఉంది. వచ్చిన మర్నాటి నుంచీ ఆమె పుస్తకం, పెన్సిలు పట్టుకుని పేరున్న మనిషి కోసం వీధులు తిరిగింది. మనుషులైతే అందరికీ పేర్లున్నాయి. తమను గీస్తున్నారని తెలియగానే వాళ్లు మనుషులుగా ఉండటం మానేస్తున్నారు, అదే చిక్కు. టైలరు పీరాసాబ్ మిషను ఆపి, తల దువ్వుకుని, ఆధార్ కార్డు ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయాడు. గొర్రెలు తోలుకుపోతున్న తిప్పేష్ ఒక్క నిమిషం ఆగమని ఇంటికి పరుగెత్తి కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఈలోపల గొర్రెలు ఎవరి చేనులోనో పడ్డాయి, ఆ తిట్లు ప్రసూనకు కూడా వచ్చాయి. వారం తిరిగేసరికి ఆమెకు ఊరి మీదా, మేడం మీదా, మట్టి మీదా సమానంగా విసుగు పుట్టింది.

అలాంటి ఒక సాయంత్రం వనజాక్షి వచ్చి అరుగు మీద కూర్చుంది. వనజాక్షి ప్రసూన తల్లికి చెల్లెలు. అదే ఊళ్లో ఇచ్చారు. ఆమె మొగుడు రామాంజి బోర్లు వేసే లారీ మీద పనిచేసేవాడు. పన్నెండేళ్ల కింద లారీతో పాటు అరవ దేశం వైపు పోయాడు. లారీ తిరిగొచ్చింది, రామాంజి రాలేదు. దారిలో ఎక్కడో టీ తాగడానికి దిగాడని, అందరూ ఎక్కాక చూస్తే లేడని తోటివాళ్లు చెప్పారు. పోలీసులకు చెప్పడం, పేపర్లో ఫోటో వేయించడం, కనిపించిన దేవుడికల్లా మొక్కడం, అన్నీ అయ్యాయి. మనిషి మాత్రం బతికి ఉన్నాడో లేడో ఏ సంగతీ తెలియలేదు.

దానివల్ల వనజాక్షి బతుకు ఒక గడప మీద ఆగిపోయింది. పేరంటంలో కుంకుమ భరిణె ఆమె దాకా వచ్చి ఒక్క క్షణం తడబడుతుంది. ఇవ్వాలా వద్దా అని ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తర్వాత ఇస్తారు. అదైనా ఆమె ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది తలుపు సంగతి. వాడు వచ్చేసరికి వాకిలికి బీగం ఉంటే ఎక్కడికి పోతాడని అత్త సుబ్బలక్ష్మమ్మ మొదటి ఏడాదే ఆన పెట్టింది. అప్పటినుంచి వనజాక్షి ఒక్క రాత్రి కూడా ఇంకో ఇంట్లో పడుకోలేదు. కన్నతల్లి చనిపోయిన రోజు కూడా ఆఖరి బస్సుకు తిరిగొచ్చేసింది. కొత్తచెరువులో ఆడపిల్లల హాస్టలుకు వంటమనిషి కావాలన్నారు. అక్కడే ఉండాలి, ఆమె వంట సంగతి తెలిసి వాళ్లే కబురు పెట్టారు. వనజాక్షికి పోవాలని ప్రాణం పీకుతోంది. పోవాలంటే రామాంజి వస్తాడో రాడో ముందు తేలాలి.

తేల్చే దారి ఒకటుంది. పన్నెండేళ్లు దాటాక కనిపించని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, దాన్ని కాల్చి, కర్మ చేసేయవచ్చని పురోహితుడు చెప్పాడు. బతికున్న కొడుకును కాలుస్తారా అని సుబ్బలక్ష్మమ్మ అడ్డం పడుకుంది. ఈ సంగతంతా ప్రసూనకు తెలిసిందే. తెలియనిది ఒకటే, ఆ సాయంత్రం వనజాక్షి దాన్ని బయటపెట్టింది.

"నాకు ఆయప్ప మొగం గుర్తుకు రాల్యా ప్రసూనా," అంది. "ఓటు కార్డులో ఉండేది ఎవురో దొంగోని మాదిరి ఉండాది. గడ్డితో చేస్తే దానికి మొగమే ఉండదు. మొగం లేనోనికి నేనేమని ఏడ్చేది? నువ్వు చేసియ్యి."

చిన్నమ్మ కోసం జాలిపడాల్సిన చోట ప్రసూన గుండె సంతోషంతో ఎగిరింది. ఆ సంగతి దాచిపెట్టి లాభం లేదు. ఒక్క మనిషి, అతనికొక పేరు, తడుముకోకుండా చెప్పగలిగిన పేరు. మట్టి కాలి బూడిదవదని, గట్టిపడుతుందని, కుండల్లాగా ఆవం పెట్టి కాల్చాలని ఆమె అప్పటికప్పుడే చెప్పింది. కాల్చాక బొమ్మ తనకు కావాలన్నది మాత్రం నెమ్మదిగా చెబుదామనుకుంది. పురోహితుడు కాసేపు ఆలోచించి, నిప్పు నిప్పే కదా అని ఒప్పుకున్నాడు.

అందరూ కలిసి సుబ్బలక్ష్మమ్మ దగ్గరికి పోయారు. దేవుణ్ణి పూలు అడగడం ఆ ఊళ్లో అందరికీ అలవాటే. విగ్రహం మీద పెట్టిన పువ్వు కుడివైపు రాలితే అవునని, ఎడమవైపు రాలితే కాదని అర్థం. ముసలామె మనసు ఆ దారినే పోయింది.

"కుండ ఆవంలో పెడితే ఒగటి నిలబడుతాది, ఒగటి పగుల్తాది," అంది. "నా కొడుకూ అంతే. పగిలితే పోయినట్టు. నిండుగా బయటికొస్తే బతికుండేటట్టు. అప్పుడు ఇంగెవురూ నా ముందర ఆ మాట ఎత్తగూడదు."

అందరూ సరేనన్నారు. పన్నెండేళ్లలో ముసలామె ఒప్పుకున్న మొదటి బేరం అది. ఇంటికి నడుస్తూ వనజాక్షి నెమ్మదిగా అడిగింది, పగులుతుందా అని. గోతిలో కాల్చేవి సగానికి సగం పగులుతాయని ప్రసూన చెప్పింది. అది అబద్ధం కాదు. తను కాల్చినవి మాత్రం పగలవని చెప్పలేదు. గట్టిగా కాల్చడంలో క్లాసు మొత్తంలో ఆమెను మించినవాళ్లు లేరు, మేడం మెచ్చుకున్నది ఆ ఒక్కదానికే.

ఎండిపోయిన చెరువు అడుగు మట్టి తెచ్చి, పాత పెంకుల పొడి కలిపి, పశువుల కొట్టంలో పని మొదలుపెట్టింది. మొదట్లో అంతా గందరగోళం. ముక్కు వాళ్ల నాయన ముక్కేనని సుబ్బలక్ష్మమ్మ అంటుంది. ఆమె కళ్ల ముందున్నది బడికి పోయే పిల్లవాడు. ఆమె చెప్పినట్టు చేస్తే నలభై ఏళ్ల ఒంటి మీద పదేళ్ల ముఖం వచ్చింది. ఓటు కార్డు చూసి చేస్తే నిజంగానే దొంగ వచ్చాడు. ప్రసూన రెండు తలలు చేసి రెండూ మళ్లీ మట్టిలో కలిపేసింది. ఇదంతా పిచ్చి పని అనుకుని, నెర్రెలిచ్చిన నేలా, దాని మీద రైతూ మళ్లీ చేసేద్దామా అని కూడా ఆలోచించింది.

ముఖం సంగతి వదిలేసి, చిన్నాయన ఎలా కూర్చునేవాడని ఒకరోజు వనజాక్షిని అడిగింది. ఆమె ఆలోచించకుండానే చెప్పేసింది. పెళ్లయిన కొత్తలో ఊళ్లోనే బోరు వేస్తుంటే అన్నం తీసుకుపోయేదట. యంత్రం దిగుతుంటే రంధ్రంలో నుంచి తెల్లటి పొడి పొగలాగా ఎగిరేది. అందరూ దూరంగా జరిగితే అతను మాత్రం దాని పక్కనే గొంతుక్కూర్చుని, చెయ్యి చాచి, ఆ పొడిని అరచేతిలో పట్టేవాడు. పొడి తడిగా తగిలితే కింద నీళ్లున్నట్టు. కళ్లలో పడకుండా తల పక్కకు తిప్పి, రెప్పలు సగం వాల్చి, పెదవులు బిగించి, ఒట్టి చేత్తో కనిపెట్టుకుని ఉండేవాడు. అన్నం చల్లారిపోయేది.

ప్రసూన పుస్తకంలో ఏమీ గీయలేదు. లేచిపోయి మట్టి తొక్కింది. గొంతుక్కూర్చున్న ఒళ్లు, చాచిన చెయ్యి, పక్కకు తిరిగిన మెడ ముందు వచ్చాయి. ఆ మెడ మీద వేరే తల పెట్టడానికి వీలే లేకపోయింది. రెప్పలు సగం వాల్చి, పెదవులు బిగించిన రోజు వనజాక్షి బిందెతో కొట్టం ముందునుంచి పోతోంది. పోతున్నది ఆగింది. బిందె దించి, ఈయప్పే అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. సుబ్బలక్ష్మమ్మ కూడా వచ్చి చూసి, ముక్కు గురించి ఒక్క మాట అనలేదు.

బొమ్మ ఆరేటప్పుడు ప్రసూన తల్లిలా కాపలా కాసింది. ఆ ఊరి వేడిగాలికి మట్టి పైన ఆరిపోయి లోపల పచ్చిగా ఉంటుంది, అదే పగలడానికి కారణం. తడి గోనెపట్టాలు కప్పి, రోజూ కొంచెం కొంచెంగా ఆరనిచ్చింది. లోపల బోలుగా చేసిన బొమ్మకు వీపు దగ్గర ఒకచోట గోడ మందంగా ఉండిపోయింది. దాన్ని అలాగే వదిలేస్తే నిప్పులో పేలిపోతుంది, చిన్నమ్మ కొత్తచెరువుకు పోతుంది. ఈ ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చింది, ఒక పూటంతా ఉంది. ఆ పూట చివర ఆమె బొమ్మ అడుగునుంచి లోపలికి చెయ్యి పెట్టి ఆ మందాన్ని గీకి పలచన చేసింది. పగిలేదైతే ఎట్లా అయినా పగులుతుంది, తను చెడగొట్టనక్కరలేదని మనసుకు సర్దిచెప్పుకుంది. పనిని నాసిగా చెయ్యడం ఆమె చేతికి రాదు, అసలు సంగతి అది.

పెన్న ఒడ్డున గొయ్యి తవ్వి, పిడకలు, శెనక్కాయ పొట్టు, సర్కారు కంప మొద్దులు పేర్చి, మధ్యలో రామాంజిని కూర్చోబెట్టి, పైన పెంకులు కప్పి మట్టి మెత్తారు. తలస్నానం చేసి తడిబట్టలతో రామాంజి తమ్ముడు నిప్పు పెట్టాడు. పురోహితుడు మంత్రం చదివాడు. ఒక రోజంతా పొగ వచ్చింది. మూడోరోజు పొద్దున ఎముకలేరాలి. ఆవం చల్లారడానికి కూడా అంతే సమయం పడుతుంది కాబట్టి శాస్త్రానికీ మట్టికీ పేచీ రాలేదు.

మూడోరోజు తెల్లవారుతుండగానే ప్రసూన ఒక్కతే గడ్డపార తీసుకుని ఏటి ఒడ్డుకు పోయింది. అందరూ ఎండెక్కే వేళకు వస్తామన్నారు. పెంకులు తీసి, బూడిద తోడి, చేతులు లోపలికి పెట్టింది. ముందు భుజం తగిలింది, తర్వాత మెడ. కావలించుకుని బయటికి ఎత్తి ఇసుక మీద కూర్చోబెట్టి, కొంగుతో తుడిచింది. ఎక్కడా వెంట్రుకంత బీట లేదు. కడుపు దగ్గర ఎర్రగా, భుజాల మీద పొగకు నల్లగా కాలి, చాచిన చేతికి అయిదు వేళ్లూ ఉన్నాయి. గోటితో తడితే కంచులాగా మోగింది. ఇంత మంచి పని తను ఇంతవరకూ చెయ్యలేదని, ఎప్పటికైనా మళ్లీ చేస్తానో లేదో తెలియదని ఆమెకు అర్థమైంది. ఒక్కతే నిలబడి నవ్వుకుంది.

వెనక అడుగుల చప్పుడైంది. వనజాక్షి వచ్చింది, ఆమె కూడా ఒక్కతే. రాత్రంతా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. బొమ్మను చూసి ఆగిపోయింది.

"నిండుగానే వచ్చినాడే," అంది.

ప్రసూన నవ్వు పోయింది. ఇంకాసేపట్లో సుబ్బలక్ష్మమ్మ వచ్చి చూస్తుంది. ఆ తర్వాత ఆ ఇంటి వాకిలి ఎప్పటికీ తెరిచే ఉంటుంది, దాని పక్కన వనజాక్షి ఉంటుంది. చిన్నమ్మ నిందించి ఉంటే సులువుగా ఉండేది. ఆమె నిందించలేదు, బొమ్మ ముందు ఇసుకలో కూలబడింది.

వాళ్లు వచ్చేలోపల పగలగొట్టేయవచ్చని, ఆవంలోనే పగిలిందంటే ఎవరికీ తెలియదని ప్రసూన చెప్పింది. చెబుతూనే, చిన్నమ్మ వద్దంటే బాగుండునని కోరుకుంది. కాలేజీ తెరవడానికి పది రోజులు కూడా లేవు. ఇంకోటి చేసి ఆరబెట్టే వ్యవధి లేదు. ఉన్నా ఆ మనిషి మళ్లీ రాడు.

వనజాక్షి కొంగు చివరతో ఆ ముఖం మీది బూడిద తుడిచింది. రెప్పల సందుల్లో, పెదవుల మూలల్లో ఓపికగా తుడిచింది. ముఖం వైపు అంతసేపు చూసిన మనిషి ఇంక వద్దనే అంటుందని ప్రసూన ధైర్యం తెచ్చుకుంది. కనీసం ఒక ఫోటో అయినా తీసుకుందామని ఫోను బయటికి తీసింది. వనజాక్షి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించేసింది.

"వద్దు. మొగం మొదులు కొట్టు," అంది. "అది మిగిలితే నేను మళ్లా వాకిలి తెర్సుకోని కూసుంటా."

ప్రసూన గడ్డపార అందుకుంది కానీ ఎత్తలేకపోయింది. నువ్వే కొట్టు చిన్నమ్మా అని ఇవ్వబోయింది.

"నేను కొడితే ఆయప్పను సంపినట్టయితాది," అంది వనజాక్షి. "నువ్వు కొడితే బొమ్మ పగిలినట్టే కదమ్మా."

పన్నెండేళ్లు కాపలా కాసిన మనిషి ముందు తన నెల రోజుల పని గురించి ఏమని చెబుతుంది? గడ్డపార ఎత్తి, వాలిన రెప్పల మధ్య కొట్టింది. గట్టిగా కాల్చింది కాబట్టి ఒక్క దెబ్బకు పోలేదు. మళ్లీ కొట్టాల్సి వచ్చింది. తర్వాత భుజాలు, తర్వాత వీపు, ఆఖరున ఆ చెయ్యి. ముక్కలన్నీ ఇద్దరూ కలిసి గోతిలో వేసి బూడిద కప్పి, పైన పెంకులూ మట్టీ ముందున్నట్టే సర్దారు.

అందరూ వచ్చాక ఆవం మళ్లీ తెరిచారు. రామాంజి తమ్ముడు బూడిదలో చెయ్యి పెట్టి బొమ్మ పెంకు ఒకటి తీశాడు, ఇంకోటి తీశాడు. సుబ్బలక్ష్మమ్మ ముందుకు వచ్చి, ఆ పెంకులు రెండూ చేతిలోకి తీసుకుని ఒకదానికొకటి అతికించి చూసింది. అవి అతకలేదు. పోయినాడా నా కొడుకు అని అక్కడే బూడిదలో కూర్చుంది. ఆ మాట వినగానే వనజాక్షి గొంతెత్తింది. ఇన్నేళ్లలో ఆమె ఏడుపు ఊరు వినడం అదే మొదటిసారి. అత్తా కోడలూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తుంటే మగవాళ్లు కూడా తలలు తిప్పుకున్నారు.

పెన్నలో నీళ్లు లేవు. ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లలో పెంకులు ఒక్కొక్కటే వదిలారు. బొటనవేలున్న పెంకు మునిగినప్పుడు ప్రసూనకు దుఃఖం ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నాయన మీద పిల్లకు ఎంత ప్రేమో చూడండి అని ఎవరో అన్నారు. పక్కనున్న ఇంకో ముసలామె ఆమె వీపు నిమిరి, పోయినోళ్లు తిరిగిరారులే తల్లీ అని ఓదార్చింది. చిన్నాయన పోయేనాటికి ప్రసూనకు తొమ్మిదేళ్లు, ఎప్పుడూ లారీ మీదే తిరిగే ఆయన్ను ఆమె సరిగా ఎరగదు కూడా. ఆమె ఏడ్చింది బొమ్మ కోసం. ఆ మాట అక్కడ ఎవరితోనూ చెప్పే వీల్లేక, చిన్నాయనా అనే పిలుస్తూ ఏడ్చింది.